వెరావల్ బోటులో వేళ్ళు పోయాయి, ఓనరు ముప్పై వేలు ఇచ్చి రైలెక్కించాడు. ఇక ఇంతేనా?

ప్రగతినగర్_శ్రీను

మా బావమరిదికి 25 ఏళ్ళు. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. కొన్నేళ్ళుగా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి ట్రాలింగ్ బోటులో (వలని ఈడ్చుకెళ్ళే మరబోటు) కలాసీగా, అంటే బోటు మీద కూలీగా చేస్తున్నాడు. 2025 సెప్టెంబర్‌లో ఒక రాత్రి వల లాగుతుంటే వించ్ (వైరు చుట్టే యంత్రం) మీద వైరు జారింది. ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా తెగిపోయాయి. బోటు ఒడ్డుకి చేరేసరికి రెండు రోజులు పట్టింది. అంతవరకూ పసుపు అద్ది, గుడ్డ చుట్టి, నొప్పి బిళ్ళలు మింగించారు.

అక్కడ ఆసుపత్రిలో కుట్లు వేయించాక ఓనరు ముప్పై వేలు చేతిలో పెట్టి, గుజరాతీలో రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకుని, టికెట్ కొనిచ్చి పంపేశాడు. అడ్వాన్సు బాకీ మాఫీ చేశానని చెప్పాడట.

ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో మా ఇంట్లోనే ఉన్నాడు. గ్లాసు పట్టుకోవడానికి కూడా ఆ చేయి మూసుకోదు. మా ఆవిడకి తమ్ముడి చేయి చూసినప్పుడల్లా ఏడుపు ఆగదు. ఊళ్ళో పెద్దలేమో "గొడవ చేస్తే వచ్చే సీజన్‌కి మన ఊరివాళ్ళని ఎవరూ బోటెక్కించుకోరు, ఊరుకోండి" అంటున్నారు. నిజంగా వదిలేయాల్సిందేనా? కేసు వేయాలంటే గుజరాత్ చుట్టూ తిరగాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మెహిదీపట్నం_రాజు

వేలికి పదిహేను వేలు లెక్క కట్టాడా? చదువుతుంటేనే కడుపు రగిలిపోతోంది.

కెరటం

విశాఖ హార్బర్‌లో చాలాకాలం పనిచేసి ఇప్పుడు ఉప్పల్‌లో ఆటో నడుపుతున్నాను. శ్రీను గారూ, ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది.

ట్రాలింగ్‌లో వల వేసిన మూడు, నాలుగు గంటలకి మళ్ళీ లాగాలి. లాగాక చేప ఏరాలి, ఐస్ కొట్టాలి, గదిలోకి దింపాలి. ఆ పని అయ్యేసరికి మళ్ళీ వల లాగే టైం. పగలూ రాత్రీ ఇదే వరుస. ఒక్కో ట్రిప్పు పదిహేను, ఇరవై రోజులు. కంటినిండా నిద్ర అనేదే ఉండదు. అలా తూలుతున్న మనిషి, తడి చేతులతో, ఊగే చెక్క మీద నిలబడి తిరిగే డ్రమ్ము మీదకి వైరుని సర్దుతాడు. చాలా బోట్లలో ఆ డ్రమ్ముకి అడ్డు కంచె ఉండదు. ఆపే మీట ఇంకో మనిషి దగ్గర ఉంటుంది, ఇంజను మోతలో కేక వినపడదు. చొక్కా చెయ్యో గ్లవుజో వైరులో ఇరుక్కుంటే చేయి వెనక్కి రాదు.

దీన్ని "పొరపాటున జరిగింది" అంటారు ఓనర్లు. నిద్ర లేకుండా పని చేయించడం పొరపాటు కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేపల వేట పని మీద 188వ నంబరు ఒప్పందం చేసింది, 2017 నవంబర్ నుంచి అది అమల్లో ఉంది. మూడు రోజులకి మించి సముద్రంలో ఉండే బోటులో ప్రతి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అందులో రాసి ఉంది. థాయ్‌లాండ్ 2019లో సంతకం పెట్టింది. మన దేశం ఇంకా పెట్టలేదు.

బ్యాచిలర్_కూకట్‌పల్లి

బాధ అర్థమైంది. కానీ ఇదంతా తెలిసే వెళ్తారు కదా? రిస్క్ ఉన్న పనికి కూలి ఎక్కువ. మన దగ్గర సెంట్రింగ్ పనిలో పదో అంతస్తు నుంచి పడేవాళ్ళూ ఉన్నారు. ప్రతి పనిలోనూ ప్రమాదం ఉంటుంది.

సోంపేట_పిల్ల

@బ్యాచిలర్_కూకట్‌పల్లి తెలిసి వెళ్ళినంత మాత్రాన వేళ్ళు ఓనరుకి రాసిచ్చినట్టు కాదు.

ఎందుకు వెళ్తారో కూడా చెప్తాను. మా జిల్లాకి పొడవైన తీరం ఉంది గానీ పెద్ద మరబోట్లు కట్టుకోవడానికి హార్బర్ లేదు. చిన్న బోట్లతో ఒడ్డు దగ్గర దొరికేదే దొరుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో వేట నిషేధం. అటు పడమటి తీరంలో జూన్, జూలై నెలలు నిషేధం. అది ముగియగానే కాంట్రాక్టరు అడ్వాన్సు పట్టుకుని ఊళ్ళోకి దిగుతాడు. ఆ అడ్వాన్సుతో చెల్లి పెళ్ళి బాకీ తీరుతుంది, ఇంటికి రేకులు పడతాయి. ఆ డబ్బు తీసుకున్నాక సీజను మధ్యలో "నాకు ఒంట్లో బాలేదు, వెళ్ళిపోతాను" అనే ధైర్యం ఎవరికి ఉంటుంది?

2020 లాక్‌డౌన్‌లో మా వాళ్ళు వేలమంది వెరావల్‌లో బోట్ల మీదే ఇరుక్కుపోయారు. ఏప్రిల్ చివర్లో బస్సులు పెట్టి తెచ్చేదాకా వాళ్ళు అక్కడ ఎలా బతుకుతున్నారో ఎవరికీ పట్టలేదు.

బ్యాచిలర్_కూకట్‌పల్లి

అడ్వాన్సు సంగతి నేను ఆలోచించలేదు. సరే. కానీ కేసు వేస్తే గెలుస్తారా అన్నది వేరే ప్రశ్న.

చిక్కడపల్లి_వకీలు

గెలవొచ్చు, గుజరాత్ వెళ్ళక్కర్లేదు కూడా. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

పనిలో ఉండగా దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం చెప్తోంది. యంత్రంతో నడిచే నౌకల సిబ్బంది ఆ చట్టం షెడ్యూల్లో ఉన్నారు. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. మీ ప్రమాదం సెప్టెంబర్‌లో జరిగింది కాబట్టి పాత చట్టం లెక్కే వర్తిస్తుంది.

లెక్క ఇది. నెల జీతం ఎంత ఉన్నా 15,000 వరకే చూస్తారు. శాశ్వత పూర్తి వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని వయసుకి తగిన గుణకంతో హెచ్చవేస్తారు. 25 ఏళ్ళకి గుణకం 216.91. వచ్చేది 19,52,190. ఒక చేతికి రెండు వేళ్ళు పోతే సంపాదించే శక్తిలో 20 శాతం పోయినట్టు షెడ్యూల్లోనే ఉంది. ఆ లెక్కన మీ వాడికి 3,90,438 రూపాయలు రావాలి. వైద్యం ఖర్చు వేరు, అది కూడా యజమానిదే. నెల దాటినా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు.

ఆ గుజరాతీ కాగితం గురించి టెన్షన్ వద్దు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని ఎవరు రాయించుకున్నా 17వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు.

ముఖ్యమైనది ఇంకోటి. ప్రమాదం ఎక్కడ జరిగినా, బాధితుడు నివాసం ఉండే చోట కమిషనర్ దగ్గర కేసు వేయొచ్చు. ఆ కమిషనర్ మీకు కార్మిక శాఖలోనే దొరుకుతారు. ఆధార్, రేషన్ కార్డు శ్రీకాకుళంవి అయితే అక్కడ వేయడం సుఖం. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ళు. వకీలు ఫీజు భారం అనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలుని ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి.

మెహిదీపట్నం_రాజు

వకీలు సాబ్, ఇంత ముక్క ఎవరూ ఎందుకు చెప్పరు ఊళ్ళల్లో? ముప్పై వేలు ఎక్కడ, దగ్గర దగ్గర నాలుగు లక్షలు ఎక్కడ!

కాకినాడ_కుర్రోడు

ఓనర్ల వైపు నుంచి ఒక మాట. మా మావయ్యకి రెండు బోట్లు ఉన్నాయి. ఒక్క ట్రిప్పుకి డీజిలు, ఐసు, సరుకులు కలిపి లక్షల్లో పెట్టుబడి. చేప పడకపోతే అంతా బాకీయే. ఒక్కసారిగా నాలుగు లక్షలు కట్టమంటే బోటు అమ్ముకోవాలి. అందరు ఓనర్లూ దుర్మార్గులు కాదు. అదీగాక చాలా చోట్ల కలాసీలది జీతం కాదు, వాటా. వాటాదారు ఉద్యోగి ఎలా అవుతాడు?

చిక్కడపల్లి_వకీలు

@కాకినాడ_కుర్రోడు వాటా పద్ధతిలో ఆ వాదన వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ వెరావల్ వెళ్ళే మన వాళ్ళు ఎక్కువగా నెల జీతం మీద, సీజన్ అడ్వాన్సు మీద వెళ్తారు. శ్రీను గారూ, మీ వాడిది ఏ పద్ధతి?

పెట్టుబడి సంగతికొస్తే, బోటుకి ఇన్సూరెన్స్ చేయించే మనిషి మనుషులకీ చేయించాలి. ఆ పాలసీ ఉంటే నాలుగు లక్షలు కట్టేది కంపెనీ, మీ మావయ్య కాదు.

కాకినాడ_కుర్రోడు

ఆ పాలసీ సంగతి మావయ్యకి చెప్తాను. ఆయన దగ్గర బోటు పాలసీ ఒక్కటే ఉంది.

ప్రగతినగర్_శ్రీను

నెల జీతమేనండీ. సీజను మొదట్లో అడ్వాన్సు ఇచ్చి, నెలనెలా అందులోంచి కోసుకుంటారు. అడ్వాన్సు ఫోన్‌పేలో పడింది. బోటు మీద తీసుకున్న ఫోటోలు కూడా వాడి ఫోన్లో ఉన్నాయి.

చిక్కడపల్లి_వకీలు

ఆ ఫోన్ జాగ్రత్త! ఫోన్‌పే రికార్డు, ఫోటోలో IND-GJ అని మొదలయ్యే బోటు నంబరు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఓనరు పంపిన వాట్సాప్ ఆడియోలు, ఇవన్నీ ఇంకో చోట కాపీ చేసి పెట్టండి. గుజరాత్‌లో బోటు వేటకి వెళ్ళే ముందు మత్స్య శాఖ దగ్గర టోకెన్ తీసుకుంటారు, అందులో సిబ్బంది పేర్లు ఉంటాయి. "ఈ మనిషి నా బోటులో లేడు" అని ఓనరు అంటే ఆ టోకెన్ రికార్డు తెప్పించమని అడగొచ్చు. ముందు రిజిస్టర్డ్ పోస్టులో ఓనరుకి నోటీసు పంపాలి. డ్రాఫ్ట్ నేను రాసిస్తాను.

ఐసీయూ_అక్క

నేను నర్సుని. కేసు సంగతి వకీలు గారు చూసుకుంటారు, చేయి సంగతి నేను చెప్తాను. శ్రీనూ, కుట్లు మానాయి కదా అని ఇంట్లో కూర్చోబెట్టకండి. ఫిజియోథెరపీ ఇప్పుడు మొదలుపెట్టకపోతే మిగిలిన వేళ్ళు కూడా బిగుసుకుపోతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది, వాడిని తీసుకెళ్ళండి. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే ఆ మాట కూడా డాక్టరుకి చెప్పండి. దెబ్బ తిన్న మనిషికి భయం వెంటపడటం సహజం, దానికీ మందు ఉంది.

ఇంకో విషయం నా మనసులో చాలాకాలంగా ఉంది. ఉద్దానం వైపు నుంచి వెళ్ళే కుర్రాళ్ళు, అంటే సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు పిల్లలు. ఆ ప్రాంతంలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో అందరికీ తెలుసు. బోటులో మంచినీళ్ళు కొలిచి తాగాలి, ఎండలో చెమట కారుతుంది, ఒళ్ళు నొప్పులకి రోజూ డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు మింగుతారు. నీళ్ళు తక్కువై ఆ బిళ్ళలు ఎక్కువైతే మంచి కిడ్నీ కూడా దెబ్బ తింటుంది. సీజనుకి వెళ్ళే ముందు, వచ్చాక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ ఆసుపత్రే పెట్టారు కదా, అంత దూరం కూడా లేదు.

షుగరు ఉన్నవాళ్ళు, లివరు పాడైనవాళ్ళు చేప ముల్లు గుచ్చుకుంటే తేలిగ్గా తీసుకోకండి. సముద్రపు నీటిలో ఉండే ఒక రకం విబ్రియో సూక్ష్మజీవి పుండులోకి చేరితే గంటల్లో చేయంతా పాకుతుంది.

సోంపేట_పిల్ల

అక్కా, మా నాన్నకి డయాలసిస్. మా తమ్ముడు ఆ బిళ్ళలు చాక్లెట్లలా మింగుతాడు. ఈ పోస్టు వాడికి ఇప్పుడే పంపాను.

ఐసీయూ_అక్క

పంపి ఊరుకోకు తల్లీ, పండక్కి వచ్చినప్పుడు దగ్గరుండి పరీక్ష చేయించు.

కెరటం

అక్క చెప్పిన వాటికి ఒకటి కలుపుతాను. చేపల గదిలో గ్యాసు. ఐస్ కరిగి, అడుగున చేప కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే కూలబడతాడు. వాడిని లేపడానికి రెండోవాడు దూకుతాడు, వాడి కోసం మూడోవాడు. 2022 ఏప్రిల్‌లో మంగళూరులో చేపల ఫ్యాక్టరీ వ్యర్థాల ట్యాంకులో ఇలాగే ఐదుగురు చనిపోయారు. అందరూ పశ్చిమ బెంగాల్ నుంచి పని కోసం వచ్చినవాళ్ళే.

మూత తీసి గాలి ఆడనివ్వకుండా గదిలోకి దిగకూడదు. పడిపోయినవాడి కోసం నడుముకి తాడు లేకుండా అసలే దిగకూడదు. ప్రాణ స్నేహితుడైనా సరే.

అంబర్‌పేట్_అన్న

నాకో డౌట్. లైఫ్ జాకెట్లు వేసుకుంటే సగం చావులు తగ్గవా?

కెరటం

అన్నా, జాకెట్లు ఉంటాయి, పెట్టెలో తాళం వేసి ఉంటాయి. తనిఖీకి వచ్చినప్పుడు బయటికొస్తాయి. పైగా ఆ లావు నారింజ జాకెట్ వేసుకుని వల పని చేయలేం. పనిలో వేసుకోడానికి వీలుగా, నీళ్ళలో పడితే ఉబ్బే సన్న రకం ఉంది. ఓనరు కొనాలి.

మనుషులు నీళ్ళలో పడేది తుఫాన్లలోనే అనుకోకండి. చాలా బోట్లలో మరుగుదొడ్డి ఉండదు. రాత్రి ఒంటేలుకి బోటు వెనక అంచు మీద నిలబడినవాడు ఒక్క ఊపుకి జారిపోతాడు. తెల్లారి లెక్క చూసుకున్నప్పుడే మనిషి లేడని తెలుస్తుంది.

మెహిదీపట్నం_రాజు

మరుగుదొడ్డి లేక మనిషి చచ్చిపోవడమా...

సోంపేట_పిల్ల

అలా పోయినవాళ్ళ ఇళ్ళ సంగతి ఎవరూ అడగరు. శవం దొరకదు. శవం లేకపోతే మరణ ధ్రువపత్రం ఇవ్వడానికి చట్టం ఏడేళ్ళు ఆగమంటుంది. మా వీధిలో ఒక వదిన బొట్టు తీయాలా ఉంచాలా తెలియక, పెన్షనూ రాక, ఇన్సూరెన్సూ రాక పిల్లల్ని పెట్టుకుని ఎదురుచూస్తోంది. అందుకే నీళ్ళలో పడిన వెంటనే పోలీసు ఫిర్యాదు, తోటి కలాసీల వాంగ్మూలాలు రాయించాలి. అవి ఉంటే కోర్టుకి వెళ్ళి అడగడానికి ఆధారం ఉంటుంది.

చేపలపులుసు_ప్రియుడు

ఇన్సూరెన్స్ అన్నారు కాబట్టి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సామూహిక ప్రమాద బీమా ఉంది. చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ప్రమాదం వల్ల ఆసుపత్రిలో చేరితే 25,000 దాకా. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి. ప్రీమియం అంతా ప్రభుత్వాలే కడతాయి. కానీ పేరు నమోదై ఉండాలి. శ్రీను గారూ, మీ వాడి పేరు ఊళ్ళో మత్స్య శాఖ దగ్గర ఉందేమో కనుక్కోండి. దీన్ని చూసుకునే జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు మన హైదరాబాద్‌లోనే ఉంది, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారం బిల్డింగ్.

అంబర్‌పేట్_అన్న

ఆ చేప బిల్డింగ్ ఆఫీసా! మా పిల్లలు ఎయిర్‌పోర్ట్ వెళ్ళిన ప్రతిసారీ దానికి టాటా చెప్తారు. నేను అక్వేరియం అనుకున్నా.

చేపలపులుసు_ప్రియుడు

అన్నా, సగం హైదరాబాద్ అలాగే అనుకుంటుంది 😄 ఇంకా చెప్పాలంటే శ్రీను గారి ప్రగతినగర్‌లోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు, అలల ఎత్తు, చేపలు దొరికే చోట్ల సమాచారం వెళ్ళేది అక్కడి నుంచే. 2019లో జెమిని అనే చిన్న పరికరం తెచ్చారు. ఒడ్డు నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు కదా, ఆ పరికరం ఉపగ్రహం నుంచి తుఫాను హెచ్చరిక అందుకుని ఫోన్‌లో చూపిస్తుంది.

కెరటం

మంచిదే, కానీ జెమినిలో హెచ్చరిక మనకి వస్తుంది, మన కేక అటు వెళ్ళదు. "మనిషి చేయి తెగింది, సాయం పంపండి" అని చెప్పాలంటే ఇస్రో చేసిన ఆపద సంకేత పరికరం ఉండాలి. కొత్త రకంలో మన కబురు అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది. శ్రీను గారి బావమరిది బోటులో అది ఉండి, నొక్కి ఉంటే రెండు రోజులు పసుపు గుడ్డతో పడుకోవాల్సిన పని ఉండేది కాదేమో.

ప్రగతినగర్_శ్రీను

అడిగాను. పరికరం ఉందట. నొక్కితే కోస్ట్‌గార్డ్ వస్తుంది, ట్రిప్పు పాడవుతుందని బోటు నడిపే తండేలు నొక్కనివ్వలేదట.

మెహిదీపట్నం_రాజు

ఈ మాట కేసులో తప్పకుండా రాయించండి.

ఎల్బీనగర్_మాస్టారు

వెరావల్ అనగానే నాకు 2018 గుర్తొస్తుంది. నవంబర్‌లో సరిహద్దు గీత దాటారని మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు 20 మందిని పాకిస్తాన్ పట్టుకుంటే 2020 జనవరిలో వాఘా దగ్గర విడిచిపెట్టారు. ఏడాది పైగా జైలు. అక్కడ నీళ్ళ మీద గీత కనపడదు, చేప అటు ఎక్కువ ఉందని బోటు నడిపేవాడు అటు తిప్పితే కింద పనిచేసే కుర్రాళ్ళు జైలుకి పోతారు. ఏటా జనవరి 1, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ఎవరి మనిషైనా కనపడకపోతే ఆ జాబితా కోసం జిల్లా కలెక్టరు ద్వారా అడగండి.

బ్యాచిలర్_కూకట్‌పల్లి

ఇంత తెలిశాక నా మొదటి మాట నాకే నచ్చడం లేదు. అయినా ఊరి పెద్దల భయం కూడా నిజమే కదా? కేసు వేస్తే ఆ ఊరి కుర్రాళ్ళకి పని పోదా?

సోంపేట_పిల్ల

ఓనర్లకి మన వాళ్ళు కావాలి. సముద్రం తెలిసిన చేతులు వాళ్ళకి ఎక్కడ దొరుకుతాయి? ఒక్క ఊరు ఒంటరిగా అడిగితే భయపెడతారు. నాలుగైదు ఊళ్ళు కలిసి, అడ్వాన్సు తీసుకునే ముందే బీమా, జాకెట్టు, పరికరం సంగతి కాగితం మీద రాయించుకుంటే ఎవరిని ఆపుతారు?

ఎల్బీనగర్_మాస్టారు

కాంట్రాక్టరుని కూడా అడగాలి. కమిషన్ తీసుకుని మనుషుల్ని వేరే రాష్ట్రం పంపేవాడికి లైసెన్సు ఉండాలని 1979లోనే చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో అది కొత్త కార్మిక కోడ్‌లో కలిసింది. ఊళ్ళో అతని దగ్గర ఆ కాగితం చూపించమన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

భోగాపురం_లక్ష్మి

ఇప్పుడే అంతా చదివాను. మా చిన్న తమ్ముడు ఆగస్టులో మంగళూరు వెళ్తానంటున్నాడు. వద్దంటే వినడు. బోటెక్కే ముందు ఏమేం చూసుకోమనాలి? త్వరగా చెప్పండి, కాంట్రాక్టరు ఆదివారం వస్తానన్నాడు.

కెరటం

అమ్మా, బోటు నంబరు, ఓనరు పేరు, ఫోను నంబరు ముందే రాసి నీకు ఇమ్మను. ఎక్కగానే ఆపద పరికరం ఎక్కడుందో, ఎలా నొక్కాలో తండేలుని అడిగి తెలుసుకోమను. వించ్ ఆపే మీట ఎవరి చేతిలో ఉంటుందో చూడాలి, డ్రమ్ము దగ్గర వదులు చొక్కా వేసుకోకూడదు. ఒడ్డుకి దగ్గరగా సిగ్నల్ ఉన్నప్పుడు కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

ఐసీయూ_అక్క

టీటీ ఇంజెక్షను, బీపీ, షుగరు, క్రియాటినిన్ వెళ్ళేముందే చేయించు. రోజూ మందులు వాడేవాడైతే ట్రిప్పుకి సరిపడా కంటే ఎక్కువ కట్టు.

చేపలపులుసు_ప్రియుడు

మత్స్య శాఖలో పేరు నమోదు చేయించండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా కూడా పెట్టించండి, ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. నామినీగా ఎవరి పేరు ఉందో చూడండి.

భోగాపురం_లక్ష్మి

రాసుకున్నాను. జీతమా వాటానా అనేది కాంట్రాక్టరు నోటితో చెప్తే చాలా?

చిక్కడపల్లి_వకీలు

చాలదు. జీతం ఎంతో, బీమా ఎవరు కడతారో తెలుగులో ఒక కాగితం మీద రాసి అతని సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే అతను మాట్లాడేది ఫోన్‌లో రికార్డు చేయండి. అడ్వాన్సు నోట్ల కట్టలుగా వద్దు, బ్యాంకు ఖాతాలోనే వేయమనండి.